పంప్ షాట్‌గన్ బ్యారెల్ 18 అంగుళాలు: టేపు ఎక్కడి నుంచి పట్టాలి?

రేగడి: అమెరికాలో షాట్‌గన్ బ్యారెల్ 18 అంగుళాలకి తగ్గితే 1934 నాటి జాతీయ తుపాకుల చట్టం కిందికి వస్తుంది, రిజిస్టర్ లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం. రిసీవర్ (బ్యారెల్ వెనక, యంత్రభాగాలుండే భాగం) ముందు అంచు నుంచి మూతి దాకా కొలిస్తే నాది 18కి తక్కువే వస్తోంది. పెట్టె మీదేమో 18.5 అని ఉంది. నా దృష్టిలో బయటికి కనిపించేదే బ్యారెల్. కాదంటారా?

ఇనుపగుండు: కాదంటాను. రిసీవర్ లోపల దాగిన చాంబర్, అంటే తూటా కూర్చునే చోటు కూడా బ్యారెలే. ఏటీఎఫ్ (తుపాకుల చట్టాలు అమలుచేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) కొలిచే తీరు ఇది: తుపాకీలో తూటా లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, యాక్షన్ (తూటా ఎక్కించే, తీసే యంత్రాంగం) పూర్తిగా మూసి, మూతిలోంచి సన్నని కర్ర దించుతారు. అది బోల్ట్ (చాంబర్‌ని వెనక నుంచి మూసే కడ్డీ) ముఖానికి తగిలి ఆగుతుంది. మూతి దగ్గర గీత పెట్టి, కర్ర బయటికి తీసి, ఆ గీత దాకా కొలుస్తారు. రిసీవర్ అంచుతో చట్టానికి పనే లేదు.

పడమటిగాలి: కర్రలూ గీతలూ ఎందుకన్నా? పంప్ గన్ బ్యారెల్ ఊడదీయడం నిమిషం పని. బల్ల మీద పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి టేపు పట్టు, అయిపోయె.

ఇనుపగుండు: కొంప మునిగేది అక్కడే తమ్ముడూ. రెమింగ్టన్ 870, మాస్‌బర్గ్ 500 లాంటి పంప్ గన్‌లలో బోల్ట్ లాక్ అయ్యేది బ్యారెల్ వెనక పొడుచుకొచ్చిన భాగంలోనే. యాక్షన్ మూస్తే ఆ భాగం బోల్ట్ ముఖాన్ని దాటి వెనక్కి ఉంటుంది, లెక్కలోకి రాదు. రేగడి గారి పద్ధతిలో కొలత తక్కువ వస్తుంది కాబట్టి భయం తప్ప నష్టం లేదు. నీ పద్ధతిలో ఎక్కువ వస్తుంది, ధైర్యంగా తప్పు చేస్తావు.

పడమటిగాలి: సరే, కొంచెం తగ్గితే పొడుగు చోక్ (మూతికి మర తిప్పి పెట్టే గొట్టం) బిగిస్తాం. మూతి ముందుకొచ్చినట్టే కదా?

ఇనుపగుండు: చేత్తో విప్పగలిగేది ఏదీ లెక్కలోకి రాదు. చుట్టూ వెల్డింగ్ చేయాలి, లేదా 1100 డిగ్రీల ఫారన్‌హీట్ వెండి టంకం వేయాలి, లేదా పిన్ను దింపి దాని తల మీద వెల్డ్ చేయాలి. అప్పుడే అది బ్యారెల్‌లో భాగం.

నల్లమేఘం: మరి మాస్‌బర్గ్ షాక్‌వేవ్ బ్యారెల్ 14 అంగుళాలే. మామూలుగా అమ్ముతున్నారే! మీ కర్ర దానికి వర్తించదా?

ఇనుపగుండు: కొలిచే తీరు అదే, కానీ చట్టం దాన్ని షాట్‌గన్ అనదు. ఫ్యాక్టరీలో పుట్టినప్పటి నుంచీ దానికి భుజానికి ఆనించే స్టాక్ లేదు, మొత్తం పొడవు 26 అంగుళాలు దాటింది. ముచ్చటపడి స్టాక్ తగిలించారా, అది పొట్టి షాట్‌గన్ అయిపోతుంది.

రేగడి: కర్రతో కొలిచాను, 18.5 దాటింది. ఇప్పుడు అరంగుళం మిగులుంది. సరిగ్గా 18 దగ్గర కోయించుకుంటే చట్టబద్ధమే కదా? ‘18 కంటే తక్కువ’ అనే కదా రాసింది.

ఇనుపగుండు: అక్షరాలా చూస్తే చట్టబద్ధమే. కానీ కోత కాస్త వంకర పోతే, మూతి నునుపు చేసేటప్పుడు ఇంకాస్త అరిగితే, ఆ వెంట్రుకవాసి కోసం లాయర్‌ని పెట్టుకోవాలి. కంపెనీవాళ్లే 18.5 ఉంచుతుంటే మీకెందుకండీ పంతం?

నల్లమేఘం: ఒప్పుకోను. మంచి గన్‌స్మిత్ (తుపాకుల పనివాడు) 18.1 దగ్గర నిలబెట్టగలడు. భయంతో చట్టానికి లేని అరంగుళం మనమే కలుపుతున్నాం.

ఇనుపగుండు: నిలబెడితే మంచిదే. పని అయ్యాక వాళ్ల మాట మీద వదిలేయకుండా, అక్కడే కర్ర దించి చూసుకోండి.