ఎనామిల్ రాగి తీగకు సోల్డర్ పట్టడం లేదు, పట్టినదానికి పొగ వస్తోంది. పిల్లలతో ఎలా చేయించాలి?

తెనాలి_సైన్స్_సార్:

అందరికీ నమస్కారం. తెనాలి పక్కన ఒక జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు పన్నెండు మందితో బ్యాటరీ లేని క్రిస్టల్ రేడియో చేయిస్తున్నాను. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మాకు బాగా అందుతుంది కాబట్టి దానికే లెక్క వేసుకున్నాం. 63 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మీద 26 గేజ్ తీగ 60 చుట్లు చుడితే సుమారు 240 మైక్రోహెన్రీలు వస్తుంది, స్టేషన్ తిప్పే గ్యాంగ్ కండెన్సర్ 150 పికోఫారడ్ల దగ్గర ఉన్నప్పుడు స్టేషన్ దొరకాలి. ఓఏ79 డయోడ్, క్రిస్టల్ ఇయర్‌ఫోన్ ముందే తెచ్చి పెట్టుకున్నాను.

చుట్టడం వరకు పిల్లలు ఎంతో ఓపికగా చేశారు. ఒక్క చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కకుండా, వేలితో నొక్కిపట్టుకుని మరీ. చిక్కంతా సోల్డరింగ్ దగ్గర వచ్చింది. తీగను వైండింగ్ షాపులో తూకానికి కొన్నాను, ముదురు తేనె రంగులో ఉంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఎంతసేపు ఆనించినా సోల్డర్ తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతోంది. ఒకదానికి పట్టినట్టే కనిపించింది కానీ మల్టీమీటర్ పెడితే బీప్ రాలేదు, అంటే కనెక్షన్ లేదు. 60 వాట్ల ఐరన్ తెచ్చినా అంతే.

రెండో సంగతి నాకు ఇంకా టెన్షన్ పెట్టింది. ఒక అబ్బాయి జూల్ థీఫ్ (అయిపోవచ్చిన బ్యాటరీతో ఎల్ఈడీ వెలిగించే చిన్న సర్క్యూట్) చేద్దామని 36 గేజ్ సన్న తీగ ఆన్‌లైన్లో తెప్పించుకున్నాడు. దానికి సోల్డర్ వెంటనే పట్టింది. కానీ ఘాటైన పొగ లేచింది. ఐరన్ మీదికి వంగి చూస్తున్న ఇద్దరు పిల్లలు దగ్గారు, నా గొంతు కూడా సాయంత్రం దాకా మండింది. ఆ రోజు ఐరన్లన్నీ పీకేసి పిల్లల్ని బయటికి పంపించాను.

ఒకే రాగి తీగ అనుకున్నవి రెండు రకాలుగా ఎందుకు ప్రవర్తిస్తున్నాయి? ఆ పొగ ఎంత ప్రమాదం? పిల్లల చేత చేయించవచ్చా, మానేయాలా?

సెల్_రిపేర్_ఒంగోలు:

సార్, మేం బోర్డుల మీద జంపర్ వైర్ వేసేటప్పుడు ఐరన్ వేడి 400 దాటించి కొస మీద సోల్డర్ బొట్టు పెడతాం, పూత దానంతటదే కాలిపోతుంది. పట్టకపోతే ఇంకో చిట్కా ఉంది. ఆస్పిరిన్ మాత్ర మీద తీగ పెట్టి వేడి ఐరన్ ఆనించండి, పూత పోయి రాగి మెరుస్తుంది. మా గురువు నేర్పింది.

కాయిల్_సెక్షన్_అక్క:

సార్, నమస్తే. ఐరన్లు ఆపేసి పిల్లల్ని బయటికి పంపడం చాలా మంచి పని చేశారు. నేను బాలానగర్‌లో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ యూనిట్‌లో ఆరేళ్లు కాయిల్ సెక్షన్‌లో పనిచేశాను. ఈ తీగల కొసలకు సోల్డర్ పట్టించడమే నా పని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మాత్ర సంగతి. ఒంగోలు తమ్ముడూ, నువ్వు చెప్పింది పనిచేస్తుంది, కాదనను. కానీ ఆస్పిరిన్ కాలినప్పుడు వచ్చేది ఎసిటిక్ యాసిడ్ ఆవిరి. కళ్లకూ ముక్కుకూ సూదులు గుచ్చినట్టు ఉంటుంది. మిగిలిన ఆమ్లం సరిగా తుడవకపోతే సన్న తీగను కొన్నాళ్లకు తినేస్తుంది. పిల్లలున్న గదిలో అది అసలు వద్దు. మీ షాపులో కూడా మానేయమని అడుగుతున్నాను.

సార్, తీగలో రాగి ఒకటే, పైన పూత వేరు. మీ సన్న తీగ మీదున్నది పాలీయురెథేన్. అది 370, 390 డిగ్రీల దగ్గర కరిగి విడిపోతుంది, అందుకే సోల్డర్ పట్టింది. వైండింగ్ షాపు తీగ ఫ్యాన్లకు, మోటార్లకు ఉద్దేశించింది. ఆ వేడికి తట్టుకోవాలని దానికి పాలీయెస్టర్, పాలీయెస్టర్ఇమైడ్, పాలీఅమైడ్ఇమైడ్ లాంటి పూతలు వేస్తారు. వాటిని చేతి ఐరన్ ఏమీ చేయలేదు. 60 వాట్లు కాదు, 100 వాట్లు తెచ్చినా పొగ, మసి తప్ప కనెక్షన్ రాదు. రంగు చూసి పోల్చుకోవద్దు. ఎరుపైనా, తేనె రంగైనా అది వేసిన రంగు మాత్రమే. తెలియాలంటే ఒక ముక్క కోసి ఆరుబయట పరీక్షించండి. కోసిన కొసను వేడి సోల్డర్ బొట్టులో ముంచి నాలుగైదు సెకన్లు ఉంచండి. కొస నుంచి వెండిలా పైకి పాకితే అది పాలీయురెథేన్. పాకకపోతే ఇంకో సెకను కూడా కాల్చకండి, గీకాల్సిందే.

ఇక పొగ. పాలీయురెథేన్ కాలితే ఐసోసైనేట్లు వస్తాయి. 1984లో భోపాల్‌లో లీకైన మిథైల్ ఐసోసైనేట్ కూడా ఈ కుటుంబానిదే. అది వేరు, ఇది వేరు, మోతాదులో పోలికే లేదు కాబట్టి ఆ పేరు విని భయపడిపోకండి. కానీ వీటికి ఒక చెడ్డ గుణం ఉంది. ఊపిరితిత్తులకు ఒకసారి పడకుండా పోతే, తర్వాత చాలా కొద్దిపాటి పొగకు కూడా ఆయాసం వస్తుంది. నాకు అదే జరిగింది. మూడో ఏడాది నుంచి రాత్రి పూట దగ్గు మొదలైంది. పగలు పనిలో ఏమీ ఉండేది కాదు, పడుకున్నాక ఛాతీ బిగుసుకుపోయేది. ఆదివారం తగ్గేది, సోమవారం రాత్రి మళ్లీ వచ్చేది. దుమ్ము అనుకున్నాను, చలి అనుకున్నాను. చివరికి ఒక డాక్టరు గారు "సెలవు రోజుల్లో ఎలా ఉంటుందమ్మా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో విషయం బయటపడింది. మా గదిలో కిటికీ ఉండేది, కానీ తీగ దుమ్ము పట్టకూడదని మూసి ఉంచేవాళ్లు. ఇప్పుడు ఇంట్లోనే రేడియోలు, చార్జర్లు రిపేరు చేస్తాను. పాలీయురెథేన్ తీగను మాత్రం నేను కాల్చను.

మామూలు సోల్డర్‌లోని రోజిన్ ఫ్లక్స్ (సోల్డర్ బాగా పట్టడానికి వాడే పదార్థం) పొగ కూడా కొంతమందికి ఉబ్బసం తెప్పిస్తుంది. కాబట్టి ఏ తీగ అయినా పొగ ముఖానికి తగలకూడదు. ఎన్95 మాస్కు పెట్టుకుంటే చాలు అనుకుంటారు. అది దుమ్మును, సన్న కణాలను ఆపుతుంది కానీ ఆవిరిని ఆపదు. కంప్యూటర్‌లో ఉండే 12 వోల్టుల ఫ్యాన్ ఒకటి తీసుకుని, పొగను లాగి కిటికీ బయటికి వదిలేలా పెట్టండి. మీ వైపు నుంచి ఐరన్ మీదికి ఊదేలా పెడితే అతుకు చల్లారిపోతుంది, పొగ గదంతా తిరుగుతుంది.

పిల్లల చేతికి నేనైతే ఉప్పు కాగితమే ఇస్తాను. సన్నరకం, 400 నంబరుది. దాన్ని మడిచి, మధ్యలో తీగ కొస పెట్టి, రెండు వేళ్లతో నొక్కి బయటికి లాగాలి. లాగిన ప్రతిసారీ తీగను కొద్దిగా తిప్పాలి. ఒక సెంటీమీటరున్నర మేర, చుట్టూ గులాబీ రంగు రాగి కనిపించేదాకా చేయాలి. అడుగున ఒక గీత పూత మిగిలినా సోల్డర్ అక్కడే ఎగుడుదిగుడుగా ఆగిపోతుంది. తర్వాత తడిగుడ్డతో తుడిచి, గీకిన చోట కొద్దిగా ఫ్లక్స్ రాసి, 350 డిగ్రీల దగ్గర ముందు పలుచగా సోల్డర్ పూయండి. మల్టీమీటర్ బీప్ వచ్చాకే డయోడ్‌కు కలపండి. 26 గేజ్ అంటే దాదాపు అర మిల్లీమీటరు, ఉప్పు కాగితానికి బాగా ఆగుతుంది. బ్లేడు మాత్రం పిల్లలకు వద్దు. వేలు తెగడం ఒకటి, రాగి మీద గాటు పడితే నాలుగు రోజులకు తీగ అక్కడే విరగడం రెండోది. లైటర్‌తో కాల్చడమూ వద్దు. పొగకు పొగ, పైగా రాగి నల్లబడి దానికీ సోల్డర్ పట్టదు.

60/40 సోల్డర్ అయితే అందులో సీసం ఉంటుంది. ఐరన్ వేడికి సీసం ఆవిరి కాదు, చేతుల ద్వారా నోట్లోకి వెళ్తుంది. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించాకే మధ్యాహ్న భోజనం పెట్టించండి. ఇంకో మాట. మీ పన్నెండు మందిలో ఆయాసం ఉన్న పిల్లలు ఎవరైనా ఉన్నారా? దయచేసి వాళ్ల ఇళ్లలో కనుక్కోండి.

నూజివీడు_వైండింగ్:

అక్క చెప్పింది నిజం. ఫ్యాన్ కాయిల్ లీడ్లు మేం కూడా గీకే కలుపుతాం. సార్, ఒకటి చూసుకోండి. ఇప్పుడు తూకానికి అమ్మే తీగలో అల్యూమినియం కూడా వస్తోంది, పైన రంగు అదే ఉంటుంది. కోసిన కొస తెల్లగా ఉంటే అల్యూమినియం. రాగి బరువులో మూడో వంతు కూడా ఉండదు కాబట్టి చుట్ట చేతిలోకి తీసుకుంటేనే తెలిసిపోతుంది. దానికి మామూలు సోల్డర్ పట్టదు. కొన్నింటికి పైన రాగి తొడుగు ఉంటుంది, ఎక్కువ గీకితే అదీ పోతుంది. అలాంటివైతే స్క్రూ కనెక్టర్‌లో బిగించేయడమే.

తెనాలి_సైన్స్_సార్:

అందరికీ ధన్యవాదాలు. కొస కోసి చూశాను, రాగే. ఉప్పు కాగితంతో పన్నెండు కాయిల్స్ గీకించాం. పదకొండింటికి మొదటిసారే బీప్ వచ్చింది. పన్నెండోదానికి అక్క చెప్పినట్టే అడుగున ఒక గీత పూత మిగిలిపోయింది.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె ఇన్‌హేలర్ వాడుతుందని వాళ్ల అమ్మగారు చెప్పారు. మీరు అడగమనకపోతే నాకు తెలిసేది కాదు. ఆ రోజు దగ్గిన ఇద్దరిలో ఆమె ఒకరు. ఇప్పుడు చుట్టడం, గీకడం, మీటర్ పెట్టి చూడడం ఆమె పని. ఆమె సెట్టుకు సోల్డరే లేకుండా అన్నీ స్క్రూ కనెక్టర్లతో బిగించాం. మేడ మీది నుంచి 20 మీటర్ల ఏరియల్ తీగ కట్టి, నీళ్ల పైపుకు ఎర్త్ ఇచ్చాం. ఆమె సెట్టులో 837 స్పష్టంగా వినిపించింది. మిగతా వాళ్ల సెట్లకు సోల్డరింగ్ వేపచెట్టు కింద పెట్టుకుందామనుకుంటున్నాం. సన్న తీగ పని ఆ అబ్బాయి చేత మాన్పించాను. ఆరుబయట కూర్చునేటప్పుడు ఇంకేమైనా చూసుకోవాలా?

కాయిల్_సెక్షన్_అక్క:

చాలా సంతోషం సార్. గాలి వీపు వెనక నుంచి వచ్చేలా కూర్చోబెట్టకండి. అలా కూర్చుంటే ఒంటి ముందు గాలి సుడి తిరిగి పొగను ముఖం దగ్గరికే తెస్తుంది. గాలి ఎడమ నుంచి కుడికో, కుడి నుంచి ఎడమకో పోయేలా బల్లలు వేయండి, ఒకరి పొగ పక్కవారికి తగలకుండా ఎడంగా ఉంచండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి, చెట్టు కింద తడి ఉంటుంది.