రాజమండ్రి పాత మేడని లగ్జరీ హోటల్‌కి లీజుకివ్వొచ్చా?

ఇన్నీసుపేట
రాజమండ్రిలో మాకో పాత మేడ ఉంది. 1926లో మా ముత్తాతగారు కట్టించారు. కింద మధ్యలో పైకప్పు లేని మండువా, చుట్టూ వసారా, పైన పెద్ద పెద్ద గదులు, రంగూన్ టేకు దూలాల మీద మద్రాసు టెర్రస్. అమ్మ పోయినప్పటి నుంచి తాళం వేసే ఉంది. ఇప్పుడొక హోటల్ కంపెనీ 30 ఏళ్ళ లీజు అడుగుతోంది. బాగుచేయించే ఖర్చు వాళ్ళదే. గది అద్దె రాత్రికి 14 వేలు పెడతారట. 2027 పుష్కరాలకి తెరవాలని తొందరపడుతున్నారు. మండువా మీద అద్దం కప్పు వేస్తారు, ప్రతి గదికీ బాత్రూమ్ కడతారు. ఇవ్వొచ్చంటారా? అంత పెట్టి మన ఊళ్ళో ఎవరైనా దిగుతారా?

గోదారిగట్టు
ఇవ్వద్దండి. మండువా మీద అద్దం వేశాక ఇక మండువా ఎక్కడిది? నాలుగు వైపుల చూరు నీళ్ళూ అందులో పడి తూములోంచి బయటికి పోవాలి. ఇంట్లో వేడి గాలి పైకి పోవాలి. దాని పనే అది. అద్దం బిగిస్తే మే నెలలో లోపల నిలబడలేరు. అప్పుడు ఏసీలు పెడతారు, ఏసీల కోసం కిటికీలు మూసేస్తారు. కరెంటు లేని రోజుల్లో చల్లగా ఉన్న ఇంటిని కరెంటు లేకపోతే ఉండలేని ఇంటిగా మార్చి, దానికి హెరిటేజ్ అని బోర్డు పెడతారు. నేను ఇలాంటివి చాలా చూశాను.

కొత్తపేట_బాబ్జీ
రోజుకి 7,500 దాటిన గదికి 18 శాతం జీఎస్టీ. 14 వేలు కాస్తా 16,520 అవుతుంది. ఆ డబ్బుకి పులస వస్తుంది గురూగారూ.

సున్నంపని
అద్దం సంగతి తర్వాత. నన్నడిగితే అసలు గొడవ బాత్రూములది. మద్రాసు టెర్రస్ అంటే టేకు దూలాల మీద ఇటుకల్ని నిలువుగా పేర్చి గానుగ సున్నంతో కట్టిన కప్పు. దాని మీద స్నానాల గది కడితే తడి కిందికి దిగుతుంది. దూలం చివర గోడలో ఉంటుంది కాబట్టి అది చీకేది బయటికి కనపడదు. కనపడేసరికి కప్పు కుంగుతుంది. పైగా కంట్రాక్టర్లు పాత సున్నం గోడ గీకేసి సిమెంటు పూస్తారు. మన డెల్టాలో నేలలోనే నీరు. ఆ చెమ్మ సున్నంలోంచి అయితే ఆరిపోతుంది, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. రెండు వానాకాలాలకి ఉప్పు తేలి పెళ్ళలు ఊడతాయి. బాత్రూములు వెనక పెరట్లో విడిగా కట్టమనండి.

ఇన్నీసుపేట
పెరట్లో కుదరదంటున్నారండి. టూరిజం శాఖ హెరిటేజ్ హోటల్ గుర్తింపుకి 1950కి ముందు కట్టిన ఇల్లయితే చాలు, 5 గదులున్నా సరిపోతుందట. కానీ వాళ్ళకి పై తరగతి ‘క్లాసిక్’ కావాలి. దానికి 1935కి ముందు ఇల్లు, కనీసం 15 గదులు ఉండాలి. మాకు అన్ని లేవు. అందుకే ధాన్యం గది, పురిటి గది, మేడ మీది హాలు అన్నీ విడగొడతారు. పెరట్లో కిచెన్, జనరేటరు వస్తాయి.

గోదారిగట్టు
చూశారా! పురిటి గదిలో టూరిస్టులు.

లంకతోట
మీరంతా ఉన్న ఇంటి గురించి కొట్టుకుంటున్నారు. మాది కోనసీమ. 86 వరదలో గోడలు నానాయి. 1996 నవంబరు తుపానుకి పెంకులన్నీ లేచిపోయాయి. కొబ్బరి చెట్లు కూడా పడిపోయాక ఇంటికి పెంకు కొనే డబ్బెవరి దగ్గరుంటుంది? నాన్నగారు స్తంభాలు, సింహద్వారం పాత కలప వ్యాపారికి అమ్మేశారు. ఆ ద్వారం ఇప్పుడు హైదరాబాదులో ఒక హోటల్లో రిసెప్షన్ వెనక గోడకి ఆనించి ఉంది. తెరవడానికీ లేదు, మూయడానికీ లేదు. మా ఇంటికి లీజు అడగడానికి ఎవడూ రాలేదు. వచ్చినవాణ్ణి పోగొట్టుకోకండి.

గోదారిగట్టు
మీ బాధ అర్థమైంది. కానీ అది అద్దం వేయడానికి కారణం కాదు కదా.

కడియం_ప్రసాద్
దిగుతారా అని అడిగారు కాబట్టి చెబుతున్నా, నేను దిగుతాను. పెళ్ళిరోజుకి మా ఆవిడా నేనూ ఫలక్‌నుమాలో ఉన్నాం. 2010 నుంచి తాజ్ వాళ్ళు నడుపుతున్నారు. 101 మంది కూర్చునే భోజనాల బల్ల, ఆ మెట్లు, ఆ దీపాలు. డబ్బు ఎక్కువే, కాదనను. హోటల్ చేయకపోతే అదంతా ఎవరు తుడుస్తారు? ఉదయపూర్, జైపూర్ రాజులు ప్యాలెస్‌లని ఎప్పుడో హోటళ్ళు చేశారు కాబట్టే అవి నిలబడ్డాయి. మన దగ్గర సినిమా షూటింగులకి అద్దెకివ్వడం, లేదా అపార్ట్‌మెంట్ కట్టడం. మూడో దారి వస్తే అద్దం, తూము అంటారేంటండీ.

యానాం_ఫెర్రీ
పాండిచ్చేరిలో పాత ఫ్రెంచి ఇళ్ళ హోటళ్ళు చూసి అందరూ ఎగబడతారు. యానాం కూడా 1954 దాకా ఫ్రెంచి వాళ్ళదే కదా. పాండిచ్చేరికి దిగినట్టు ఇక్కడికి టూరిస్టులు దిగుతున్నారా? రాజమండ్రికి వచ్చేవాడు పాపికొండలు చూసి రాత్రి రైలెక్కేస్తాడు.

గోదారిగట్టు
ప్రసాద్ గారూ, ఫలక్‌నుమా నవాబు వికార్ ఉల్ ఉమ్రా తన దర్జాకి కట్టించుకున్నది. అది హోటలైనా చెల్లుతుంది. ఇది సంసారాలు జరిగిన ఇల్లు. దేవుడి గది ఉంది, తులసికోట ఉంది. రేపు డబ్బున్న ప్రతివాడూ చెప్పులతో లోపలికొచ్చి, తులసికోట పక్కన మందు గ్లాసు పట్టుకుని సెల్ఫీ దిగుతాడు. ఆ ఇంటికో మర్యాద ఉండేది. ఎవరు ఎక్కడిదాకా రావాలో తెలిసిన ఇల్లది.

కడియం_ప్రసాద్
ఇప్పుడు బయటపడింది. ఇంతసేపూ అద్దం, అద్దం అన్నారు.

ఎవరు ఎక్కడిదాకా రావాలో మా తాతకి బాగా తెలుసండి. రామచంద్రపురం దగ్గర ఒక మండువా లోగిట్లో పాలేరు చేశాడు. పెరటి గుమ్మంలోంచి రావాలి, అన్నం పశువుల సావిట్లో తినాలి. వీధి అరుగు మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు. అదే ఇంటికి దూలాలు మోసినవాళ్ళలో మా తాత వాళ్ళ నాన్న ఉన్నాడు. ఇవాళ డబ్బు కట్టి ముందు గుమ్మంలోంచి వెళ్ళి, ఆ మేడ మీద మంచమేసుకుని పడుకుంటానంటే మీకు మర్యాద గుర్తొచ్చింది.

గోదారిగట్టు
నేను కులం మాట ఎత్తలేదు. దయచేసి అంటగట్టకండి.

కడియం_ప్రసాద్
ఎత్తక్కర్లేదు, చెప్పులు ఎత్తారు చాలు.

గోదారిగట్టు
సరే, అయితే ఒకటడుగుతా. ఆ ఫలక్‌నుమాలో పక్కలు మార్చేవాళ్ళు, గిన్నెలు కడిగేవాళ్ళు ఏ గుమ్మంలోంచి వచ్చారు? మిమ్మల్ని గుర్రబ్బండిలో దింపిన ముందు గుమ్మంలోంచా? వెనక సర్వీసు గేటు లేని స్టార్ హోటల్ ఒక్కటి చూపించండి. పెరటి గుమ్మం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు మీరు ముందు వైపున్నారు, అంతే. అందుకే నేను హోటల్ వద్దు, లైబ్రరీయో మ్యూజియమో చేయమంటున్నా. వీరేశలింగం గారి ఇల్లు అలా ఉంచలేదా? టికెట్టు లేకుండా పిల్లలు ఎవరైనా వెళ్ళేలా.

కడియం_ప్రసాద్
లైబ్రరీ అన్న మాట ఇప్పుడే మొదటిసారి అంటున్నారు. ఆ గేటులోంచి వచ్చేవాళ్ళకి జీతం, పీఎఫ్ ఉంటాయి, సాయంత్రం ఇంటికెళతారు. మా తాతకి ఏడాదికి ఇన్ని బస్తాలని చెప్పి, అందులో అప్పు పట్టుకునేవాళ్ళు. రెండూ ఒకటే అంటే నేనొప్పుకోను. కానీ లైబ్రరీ పెడితే కప్పు ఎవరు బాగుచేయిస్తారు? మీరా?

లంకతోట
అదే కదా నేను మొదట్నుంచీ అంటున్నది.

ఇన్నీసుపేట
మా ఇంట్లో ఎప్పుడూ అలాంటి తేడాలు లేవు. ఇందులోకి మమ్మల్ని లాగకండి. లీజు మీద సలహా అడిగాను, అంతే.

సుధ_అమలాపురం
లీజు మీదే అడుగుతున్నా. మీకు అక్కచెల్లెళ్ళున్నారా? సంతకాలు ఎవరివి?

ఇన్నీసుపేట
ఇద్దరున్నారు. వాళ్ళ పెళ్ళిళ్ళప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశాం. ఇల్లు నాదే.

సుధ_అమలాపురం
కట్నం వాటా కాదండి. హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రంలో వచ్చిన 1985 సవరణ, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకే ఉమ్మడి ఆస్తిలో హక్కిచ్చింది. 2005 కేంద్ర సవరణలో ఆ తేడా పోయింది. తండ్రి అప్పటికి బతికి ఉండాలన్న పేచీ కూడా 2020లో సుప్రీంకోర్టు తీర్చేసింది. 2004 డిసెంబర్ 20కి ముందే మీ ఇంట్లో రిజిస్టరు పంపకం జరిగి ఉంటే వేరు. ముత్తాత నుంచి వస్తున్న ఉమ్మడి ఆస్తే అయితే వాళ్ళ మాట లేకుండా 30 ఏళ్ళకి ఎలా రాసిస్తారు? ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పదు, అక్కడ కంపెనీ లాయరే మొదట ఈ ప్రశ్న వేస్తాడు. మా పుట్టింటివాళ్ళు కొబ్బరితోట నాకు చెప్పకుండానే కౌలుకిచ్చారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. అందరూ ఎవరు లోపలికి రావాలని కొట్టుకుంటున్నారు. అందులో పుట్టిన ఇద్దరిని ఎవరూ అడగలేదు.

కొత్తపేట_బాబ్జీ
అమ్మో. నేను పులస దగ్గరే ఆగిపోతా.

ఇన్నీసుపేట
పంపకం కాగితం ఉందో లేదో చూడాలి. చిన్న చెల్లెలు ఎలాగూ అద్దం వద్దనే అంటుంది.

గోదారిగట్టు
ఆవిడ నంబరు... వద్దులెండి. ఆవిడ మాట వినండి.

సున్నంపని
ఎవరు సంతకం పెట్టినా సరే, లీజులో ఒక ముక్క రాయించండి: మేడ మీద నీళ్ళ పైపు దూలానికి తగలకూడదు, పాత గోడకి సిమెంటు ముట్టకూడదు, ఏటా వానలకి ముందు మీ మనిషి వచ్చి దూలం చివరలు చూడొచ్చు. అద్దం తర్వాతైనా తీసేయొచ్చు. చీకిన దూలానికి మందు లేదు.

కడియం_ప్రసాద్
తెరిస్తే ఇక్కడే చెప్పండి, మొదటి వారమే వస్తా. మేడ మీది గది మాత్రం వద్దు, సున్నంపని గారు భయపెట్టేశారు.