పన్నెండడుగుల చెక్క పడవకు ఫైబర్ తొడుగు వేయవచ్చా?

చెరువుగట్టు
అందరికీ నమస్కారం. నేను పుట్టి పెరిగింది మానేరు ఒడ్డున, ఇప్పుడు ఉంటున్నది నెదర్లాండ్స్‌లో, లోస్‌డ్రెఖ్ట్ చెరువులకు సైకిలు దూరంలో. ఇక్కడ పన్నెండడుగుల డింగీ అనే చిన్న తెరచాప పడవకు పిచ్చి అభిమానులున్నారు. 1913లో జార్జ్ కాక్‌షాట్ అనే ఆంగ్లేయుడు గీసిన నమూనా అది. పెద్ద పడవ వెనక కట్టుకుని ఒడ్డుకు రాకపోకలకు వాడుకోవాలి, ఆదివారం పందేనికీ పనికిరావాలి, ఖరీదు తక్కువ కావాలి అన్న షరతులతో పెట్టిన పోటీలో ఆ గీత నెగ్గింది. ఒకే ఒక తెరచాప. పలకలు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి, రాగి మేకులతో బిగించి ఉంటాయి.

పోయిన శీతాకాలంలో నేనొక పాత పడవ కొన్నాను. అమ్మినాయన 'కాస్త రంగు వేస్తే చాలు' అన్నాడు. రంగు గీకితే లోపలి పక్కటెముకల్లో, అంటే పలకలను పట్టి ఉంచే వంపు బద్దల్లో, పదకొండు విరిగి ఉన్నాయి. వెన్నుదూలాన్ని ఆనుకున్న మొదటి పలకలో వేలి గోరు దిగుతోంది.

రెండు సలహాలు వచ్చాయి. ఒకటి, విరిగినవన్నీ తీసి, ఓక్ చెక్కను ఆవిరిలో వంచి కొత్త ఎముకలు వేయడం. రెండోది, బయట మొత్తం ఫైబర్ (గాజు పోగుల) గుడ్డ పరచి, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పూసేయడం. రెండోది రెండు వారాల్లో అయిపోతుందట, చుక్క నీరు రాదట. కాకపోతే ఇక్కడి తరగతి (ఒకే నమూనా పడవల పందెం వర్గం) నియమాల ప్రకారం పడవ చెక్కదే అయి ఉండాలి. తొడుగు వేస్తే పందేలకు దూరమే. ఇటలీలో మాత్రం పూర్తి ఫైబర్ పడవలు కూడా ఇదే తరగతిలో పరుగెడుతున్నాయి. ఎవరిది న్యాయం? నేను ఏం చేయాలి?

కోరంగి మనవడు
తొడుగు మాట మరిచిపోండి. మా తాతగారు తాళ్ళరేవులో పడవల వడ్రంగి. ఆయన ఎపాక్సీ అన్న మాట వినలేదు కానీ చెక్క గుణం తెలిసినవాడు. నీళ్ళలో పడగానే పలక ఉబ్బుతుంది. ఉబ్బి పక్క పలకను ఒత్తుకుంటుంది. ఆ ఒత్తిడే సందులను మూస్తుంది. మీ డింగీలో పలకలు కలిసే చోట జిగురు ఉండదు, సందుల్లో కూరే నార ఉండదు. అక్కడ పని చేసేది ఆ ఉబ్బే గుణమూ రాగి మేకుల బిగువూ. కదిలే వస్తువు మీద కదలని చొక్కా తొడిగితే ఏమవుతుంది? చొక్కా చిరుగుతుంది, లేదా లోపలి ఎముక విరుగుతుంది. పైగా పడవ లోపల వాన నీరు నిలుస్తుంది. అది చెక్కలోకి దిగుతుంది కానీ బయటికి వచ్చే దారిని మీరే మూసేశారు. సముద్రపు ఉప్పు నీరైతే కొంత నయం, కుళ్ళు నెమ్మదిస్తుంది. మీది మంచినీటి చెరువు.

అయిదారేళ్ళు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఆ తర్వాత తొడుగు ఊడదీస్తే పలక కూడా పొరలు పొరలుగా దానితోనే వస్తుంది. అంటే బాగు చేసే అవకాశం కూడా పోయినట్టే.

జెనోవా గాలి
పాత పడవకు తొడుగు వేయవద్దన్న మాట వరకు ఒప్పుకుంటాను. ఎపాక్సీ కొత్త ప్లైవుడ్‌కు మంచిది. పొడి చెక్కకు నాలుగు వైపులా పూసి మూసేసినప్పుడు అద్భుతంగా పని చేస్తుంది. డెబ్బై ఏళ్ళు తడిసి ఎండిన పలకకు కాదు.

కానీ ఇందులోంచి, డచ్చి నియమంలాగా, 'ఫైబర్ పడవను పందెంలోకి రానివ్వకూడదు' అన్న తీర్మానానికి ఎలా వెళతారు? అది వేరే ప్రశ్న. నేను లిగూరియా తీరంలో ఫైబర్ డింగీ నడుపుతాను. అదే గీత, అదే తెరచాప, పలకల అంచులు కూడా అచ్చులోనే దిగాయి. శనివారం పొద్దున ట్రైలరు మీద నుంచి దించుతాను, సాయంత్రం ఎత్తుకుంటాను. నానబెట్టడాలు, నీళ్ళు తోడటాలు లేవు. కొత్త చెక్క పడవ చేయించుకుంటే ఆ డబ్బుకు మంచి కారే వస్తుంది. ఉద్యోగస్తుడు ఎలా కొంటాడు? ఖరీదు తక్కువ ఉండాలన్న షరతుతో పుట్టిన పడవను మీరు నగలపెట్టెలో పెట్టారు.

ఇంకొకటి. 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో ఈ తరగతికి ఎన్ని పడవలు వచ్చాయో తెలుసా? రెండు. రెండూ డచ్చివే. తేలాల్సిన పరుగులను చివరికి నెదర్లాండ్స్‌కు తీసుకెళ్ళి పూర్తి చేశారు! తండ్రీ ఇద్దరు కొడుకులూ ఉన్న హిన్ కుటుంబం బంగారు పతకం పట్టుకెళ్ళింది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో స్వీడన్‌కు చెందిన స్వెన్ తోరెల్ గెలిచాడు, అంతటితో ఒలింపిక్స్‌లో దీని కథ ముగిసింది. తరగతి బతికేది మనుషులతో. చెక్కతో కాదు.

తెడ్డు
ఏరు దాటి తెప్ప తగలేయడం విన్నాం కానీ, ఏరు దాటకముందే తెప్పకు ప్లాస్టిక్ చొక్కా కుట్టడం ఇప్పుడే వింటున్నాను.

సాగర్ తూర్పు ఒడ్డు
జెనోవా గాలి గారికి నా అనుభవం చెప్పాలి. నేను తెరచాప నేర్చుకున్నది హుస్సేన్ సాగర్‌లో, ప్లైవుడ్ ఎంటర్‌ప్రైజ్ పడవ మీద. 1956లో జాక్ హోల్ట్ గీసిన డింగీ అది, నీలి తెరచాపలు. 1982 ఆసియా క్రీడల్లో కూడా ఎంటర్‌ప్రైజ్ ఒక పోటీ విభాగం. ఇంట్లో ఎవరైనా కట్టుకోగల పడవ కావాలన్న ఆలోచనతో వచ్చింది. ఆ రోజుల్లో మీ పెంకు పలకల పెద్దలు 'ప్లైవుడ్ పడవ కూడా ఒక పడవేనా' అనే ఉంటారు. కాబట్టి చెక్కలో కూడా కులాలున్నాయని మొదట ఒప్పుకోవాలి.

కానీ తర్వాత జరిగినది కూడా చెబుతాను. మా క్లబ్బులోకి ఫైబర్ పడవలు వచ్చాయి. 'రెండూ కలిసే పరుగెడతాయి, ఎవరికీ నష్టం లేదు' అన్నారు. మొదటి రెండేళ్ళు నిజమే. తర్వాత కొత్త పిల్లలెవరూ చెక్క పడవ తీసుకోలేదు. తీసుకోనందువల్ల ఎవరూ బాగు చేయించలేదు. బాగు చేయించనందువల్ల షెడ్డులో ఉన్న ముసలి వడ్రంగి తలుపులు, కిటికీలు చేసే పనికి వెళ్ళిపోయాడు. ఒకసారి ఎండాకాలంలో నా పడవ పక్క పలక పొరలు విడిపోతే అతుకు వేసేవాడు నగరం మొత్తం మీద దొరకలేదు. ఫైబర్ వచ్చి చెక్కను ఓడించిందనను. వడ్రంగికి పని లేకుండా చేసింది, మిగిలినది దానంతట అదే జరిగింది.

జెనోవా గాలి
బాధ అర్థమైంది. అయితే ఆ పిల్లలు చెక్క పడవ తీసుకోకపోవడానికి కారణం ఏమిటి? అది కారుతుంది, బరువు. నీరు పీల్చిన చెక్క పడవ ప్రతి పందేనికీ ఒక్కో బరువు తూగుతుంది. అది న్యాయమైన పోటీయా? ఇటలీలో మేము కనుగొన్న దారి చూడండి. అందరూ కలిసి పరుగెడతారు, చెక్క పడవలకు 'క్లాసికో' పేరుతో విడి లెక్క ఉంటుంది. ఫైబర్ మీద నేర్చుకుని, నాలుగు డబ్బులు వచ్చాక చెక్క పడవ కొన్నవాళ్ళు నాకు తెలుసు. ఫైబర్ లేకపోతే వాళ్ళు ఈ తరగతి పేరు కూడా వినేవారు కాదు. పోర్టోఫినో ముందు రెండు రకాలూ ఒకే ప్రారంభ గీత మీద నుంచి బయలుదేరడం ఒకసారి చూడండి, తర్వాత తిట్టండి.

కోరంగి మనవడు
మీరు చెప్పినదాంట్లో నాకు ఎక్కువ నచ్చింది 'పలకల అంచులు కూడా అచ్చులో దిగాయి' అన్న మాట. పలకలే లేని పడవకు పలకల అంచులెందుకండి? గీత ముఖ్యం, వస్తువు కాదు అని మీరు గట్టిగా నమ్మితే నున్నగా పోసుకోవచ్చుగా?

డబ్లిన్ వాళ్ళను చూడండి. వాటర్ వ్యాగ్ అనే డింగీ తరగతి అక్కడ 1887లో మొదలైంది. అందరికీ ఒకే రకం పడవ, డబ్బున్నవాడు వేగాన్ని కొనుక్కోకూడదు అన్న ఆలోచనకు ఆద్యులు వాళ్ళే. ఇప్పుడు వాడే నమూనా 1900 నాటిది, పడవలు కట్టే డాయిల్ గారి కూతురు మేమీ డాయిల్ గీసినది. ఈ రోజుకూ చెక్క పడవలే. బుధవారం సాయంత్రాలు డన్ లేరీ రేవులో పరుగెడుతున్నాయి. ఫైబర్ లేనందువల్ల తరగతి చస్తుందన్న వాదనకు వాళ్ళు అడ్డు నిలబడి ఉన్నారు.

ఇక మా తీరం సంగతి. మసూలా పడవ పేరు వినే ఉంటారు. మేకు లేదు, ఎముక లేదు. పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. అల ఒడ్డుకు విసిరికొడితే పడవ వంగి, సాగి, మళ్ళీ సర్దుకునేది. తాడు చీకితే విప్పి మళ్ళీ కుట్టేవారు. అలా విప్పి కట్టడానికి వీలుండటమే దాని బలం. మీ పెంకు పలకల డింగీ దానికి దూరపు చుట్టమే. రాగి మేకు తల కోసి బయటికి కొట్టేస్తే పలక చేతికి వస్తుంది. ఒక్కో ముక్కా మారుస్తూ వందేళ్ళు నడపవచ్చు.

మా ఉప్పాడ వైపు జాలర్లు తెప్పలు వదిలి ఫైబర్ బోట్లకు మారారు. వాళ్ళను నేను ఒక్క మాట అనను. పొట్టకూటికి సముద్రం మీదికి వెళ్ళేవాడికి తేలికైనది, త్వరగా ఒడ్డు చేరేది కావాలి. వాళ్ళ అవసరాన్ని తెచ్చి ఆదివారం సరదా పందేనికి తగిలించకండి. సరదా కోసం చేసే పనిలో కూడా కష్టం తగ్గించమంటే, మిగిలేది ఏమిటి?

జెనోవా గాలి
మిగిలేది పందెం! గాలి ఎటు తిరుగుతోంది, పక్కవాడు ఎప్పుడు మళ్ళుతాడు, ఆ పెద్ద తెరచాపను వెనక గాలిలో ఎలా పట్టాలి, ఇవి. నాకు అవి చాలు. నాకు వడ్రంగం రాదు, నేర్చుకునే ఓపికా లేదు. అంత మాత్రాన నేను తక్కువ నావికుణ్ణా?

అంచుల విషయంలో మాత్రం నన్ను పట్టేశారు. నియమంలో ఆకారం అదే ఉండాలని ఉంది, నీరు తగిలే తీరు మారకూడదని. కానీ చూడటానికి అందంగా ఉంటుందనే పెట్టించుకున్నానని ఒప్పుకుంటాను.

చెరువుగట్టు
మూడు వారాలుగా చదువుతూనే ఉన్నాను, పనీ మొదలుపెట్టాను. తొడుగు వేయడం లేదు. నియమాల కోసం కాదు. తర్వాత కొనేవాడు దాన్ని విప్పలేడు అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఎపాక్సీ ఒక్కచోటే వాడతాను, అతుకు పెట్టే పలక కొసల దగ్గర. కోరంగి మనవడు గారికి కోపం వచ్చినా సరే.

పక్క షెడ్డులోని డచ్చి పెద్దాయన ఒకాయన గోడ కాగితాలు ఊడదీసే ఆవిరి యంత్రానికి చెక్క గొట్టం తగిలించి ఇచ్చారు. అంగుళం మందానికి గంట ఆవిరి అన్నారు. నా ఎముకలు అర అంగుళం కూడా లేవు కాబట్టి అరగంట పెట్టాను. తీసిన వెంటనే, చేతి తొడుగులతో, అర నిమిషంలో లోపల వంచి పట్టాలి. మొదటిది వంగింది. నేను ఎగిరి గంతేశాను. రెండోది వంగింది. మూడోది టప్పున విరిగింది. నాలుగోదీ విరిగింది. ఫోటోలు పెట్టాను చూడండి. ఆవిరి చాలలేదా?

ఇటలీ న్యాయమా, ఇక్కడి న్యాయమా అన్నది నాకు ఇంకా తేలలేదు. ఆ 'క్లాసికో' ఏర్పాటు నాకు చెడ్డగా అనిపించడం లేదు. కానీ సాగర్ తూర్పు ఒడ్డు గారు చెప్పిన వడ్రంగి గుర్తొస్తున్నాడు. ఈ పెద్దాయన లేకపోతే నా పడవ కూడా ఇప్పటికి పొయ్యిలో ఉండేది.

కోరంగి మనవడు
పలక కొసలకు ఎపాక్సీ వాడుకోండి, కోపం లేదు. అక్కడ కదలిక తక్కువ.

ఫోటో చూశాను. లోపం ఆవిరిది కాదు, చెక్కది. విరిగిన రెండింటిలోనూ చెక్క నార, అంటే చెక్కలోని పోగులు, ఏటవాలుగా అంచులోంచి బయటికి పోతోంది. అలాంటిది ఎంత ఉడికించినా విరుగుతుంది. కొస నుంచి కొసకు నార తిన్నగా వెళ్ళే ముక్క ఏరుకోండి. వీలైతే రంపంతో కోసినది కాకుండా గొడ్డలితో చీల్చినది అడగండి, చీలిక నార వెంటే పోతుంది. బట్టీలో ఎండబెట్టిన చెక్క అసలు వద్దు, కాస్త పచ్చి ఉన్నదే మాట వింటుంది. విరిగిన ముక్కలు పారేయకండి, మేకుల వరస కొలుచుకోవడానికి పనికొస్తాయి.

జెనోవా గాలి
నీళ్ళలో దించే రోజు చెప్పండి, విమానం టిక్కెట్టు కొంటాను. నీళ్ళు తోడటానికి డబ్బా నేనే తెస్తాను.