పాత ఎంజీబీలో ఎంఎక్స్-5 సీట్లు: ఫ్లోరుకు కొత్త రంధ్రాలు వేయాల్సిందేనా?

సగంరిపేరు:
అందరికీ నమస్తే. నాది 1972 ఎంజీబీ రోడ్‌స్టర్, రెండు సీట్ల, గుడ్డ టాప్ ఉన్న పాత బ్రిటిష్ కారు. ఇంజన్ బాగుంది, గేర్లు బాగున్నాయి, నా నడుమే బాగాలేదు. గంట నడిపానంటే దిగేటప్పుడు తలుపు పట్టుకుని విడతలవారీగా నిలబడాల్సి వస్తోంది. కూర్చుంటే వెనక భాగం గుంటలోకి దిగిపోతుంది, ముందు అంచు తొడల కింద బద్దలా ఒత్తుకుంటుంది, పైగా హెడ్‌రెస్ట్ కూడా లేదు.

తుక్కుకి వెళ్తున్న మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5 ఒకటి కనిపిస్తే (1989లో వచ్చిన మోడల్, లేచే హెడ్‌లైట్లున్నది) దాని సీట్లు రెండూ తెచ్చేసుకున్నా. వెడల్పు కొలిచా, టన్నెల్‌కీ (బండి నడిమధ్య ఫ్లోరు ఉబ్బు) డోర్ సిల్‌కీ (తలుపు కింది గడప) మధ్య ఇరుగ్గా అయినా పడుతున్నాయి. కింద బ్రాకెట్లు మాత్రం నా ఫ్లోరుకు అస్సలు కుదరట్లేదు. కాబట్టి వాటిని గ్రైండర్‌తో కోసేసి, ఫ్లోరుకు నాలుగు కొత్త రంధ్రాలు వేసి, కింద పెద్ద వాషర్లు పెట్టి బిగించేద్దామని ప్లాన్. ఆదివారం పని కానిచ్చేయాలి. ఇదివరకు చేసినవాళ్లుంటే చెప్పండి, తర్వాత తల పట్టుకునే బదులు ముందే తిట్లు తింటాను.

నట్టుబోల్టు:
బ్రదర్, ముందు ఆ డ్రిల్లు లోపల పెట్టేయండి. ఇదే పని నేను రెండుసార్లు చేశాను, మొదటిసారి తప్పుగా.

అందరూ వెడల్పే కొలుస్తారు, నేనూ అదే చేశా, దెబ్బ కొట్టింది మాత్రం ఎత్తు. కొత్త సీటు ఫోమ్ మందంగా ఉంటుంది, దాని కింద దాని రైళ్లు (సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలు), ఆ కింద ఫ్లోరుకు పట్టించడానికి మనం పెట్టే ఉక్కు పట్టీలు, ఇవన్నీ కలిసి మనిషిని పాత సీటు కంటే బాగా పైకి లేపేస్తాయి. బిగించాక టాప్ వేసుకుని కూర్చుంటే తల పైన ఊచకి కొట్టుకుంది. సరేలే టాప్ తీసేసి తిరుగుదాం అనుకుంటే ముందు అద్దం ఫ్రేము పై అంచు సరిగ్గా కళ్ల ముందు అడ్డగీతలా వచ్చి కూర్చుంది, ఎదురుగా వచ్చే బండిని చూడాలంటే ఒకసారి తల వంచాలి, ఒకసారి మెడ సాచాలి. ఎంజీబీ స్టీరింగ్ చక్రం ఎలాగూ పెద్దదే కదా, క్లచ్ తొక్కడానికి కాలు లేపిన ప్రతిసారీ తొడ దానికి రాసుకునేది.

కాబట్టి ఏదీ కోయకముందే ఒక పని చేయండి. పాత సీటు తీసేసి, కొత్తది ఊరికే ఫ్లోరు మీద పెట్టి, పట్టీలు ఎంత మందం వస్తాయో అంత మందం చెక్కముక్కలు కింద పెట్టి కూర్చోండి. టాప్ వేసి ఒకసారి, తీసి ఒకసారి. బండి నడిపేటప్పుడు వేసుకునే బూట్లే వేసుకోండి. రెండు నిమిషాలు కూర్చుని లేస్తే ఏమీ తెలియదు, ఫోమ్ కుంగడానికి పావుగంట పడుతుంది. సీటు నడిమధ్య స్టీరింగ్ నడిమధ్యకి ఎదురుగా ఉందో లేదో కూడా చూడండి. సీటు ఇరుగ్గా ఉందని ఓ పక్కకి జరిపి బిగిస్తే నడుం మెలిపడే కూర్చుంటారు, అప్పుడు ఇంత ఖర్చు పెట్టింది ఎందుకు? హ్యాండ్‌బ్రేక్ మీద చేయి వేసి పూర్తిగా లాగి చూడండి, సీటుకీ దానికీ మధ్య వేళ్లు పట్టకపోతే అక్కడితో ఆగిపోండి.

ఎత్తు అంగుళమే ఎక్కువైతే దారి ఉంది. కుషన్ కవరును ఫ్రేముకు పట్టి ఉంచే ఉక్కు రింగులు తీసి, ఫోమ్‌ను అడుగు వైపు నుంచి పలచన చేయొచ్చు. పైవైపు ముట్టుకోకండి, ఆకారం పోతుంది. నేను పళ్లున్న బ్రెడ్డు కత్తితో కోశాను, ఆ కత్తిని మా ఇంట్లో మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.

ఇక మీ అసలు ప్రశ్న. నేను ఒక్క కొత్త రంధ్రం కూడా వేయలేదు. ఫ్లోరులో సీటుకి నాలుగు చొప్పున కంపెనీ కాప్టివ్ నట్లు (రేకుకే పట్టి ఉండే నట్లు) ఉన్నాయి కదా, వాటికే రెండు మందపాటి ఉక్కు పట్టీలు బిగించి, ఆ పట్టీల మీద కొత్త సీటు రైళ్లు కూర్చోబెట్టాను. రేపు మనసు మారితే పాత సీటు అరగంటలో మళ్లీ ఎక్కుతుంది.

ఒక్క జాగ్రత్త. ఆ నట్లు 5/16 యూఎన్ఎఫ్, అంటే అంగుళాల కొలతలో సన్న థ్రెడ్‌వి, మజ్దా డబ్బాలోంచి వచ్చే బోల్టులు మిల్లీమీటర్లవి. 5/16 అంటే 7.94 మిల్లీమీటర్లు, కాబట్టి ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టు పక్కన పెడితే కంటికి తేడా తెలియదు, ఒకటిన్నర చుట్టు చేత్తో కూడా తిరుగుతుంది. తర్వాత బిగుసుకుంటుంది. తుప్పు వల్లేమో అనుకుని రెంచి వేశారో, అంతే. ఎం8లో థ్రెడ్‌కీ థ్రెడ్‌కీ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు, దీనిది 1.06 దాకా, ఆ రెండూ ఎప్పటికీ కలవవు. నట్టు థ్రెడ్ పోతుంది, లేదా నట్టును పట్టుకున్న పంజరం ఊడి నట్టంతా గిరగిరా తిరుగుతుంది. ఎలా తెలుసని అడక్కండి.

చెక్కసుత్తి:
ఇక్కడ నాకు వ్యతిరేకంగా ఓట్లు పడతాయని తెలిసే రాస్తున్నా. గుంటలోకి దిగిపోతున్నాను, ముందు అంచు బద్దలా ఒత్తుకుంటోంది అన్నారు చూడండి, రోగం ఏంటో మీరే చెప్పేశారు. పాత సీటు విప్పి బోర్లా తిప్పండి. కుషన్ కింద చుట్టూ కొక్కేలతో ఫ్రేముకు తగిలించిన రబ్బరు పొర ఉంటుంది, మనిషి బరువంతా దాని మీదే. యాభై ఏళ్లలో ఆ రబ్బరు గట్టిపడి, పగిలి, కొక్కేల దగ్గర చిరుగుతుంది. అప్పుడు మీరు కూర్చునేది ఇనప ఫ్రేము మీద. కొత్త పొర, కొత్త ఫోమ్ దొరుకుతాయి, ఒక సాయంత్రం పని. ఈ సీట్లను తిట్టేవాళ్లలో చాలామంది పాతకాలం డిజైన్‌ను తిడుతున్నామనుకుంటారు, నిజానికి తిట్టేది చిరిగిన రబ్బరును.

హెడ్‌రెస్ట్ విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తా. వెనక నుంచి ఎవడైనా గుద్దితే మెడకి ఆసరా లేకపోవడం చిన్న విషయం కాదు.

మెల్లగానాలుగో:
సీటు ఏదైనా మీ ఇష్టం, ఆ "పెద్ద వాషర్లు" మాత్రం వద్దు. ఫ్లోరు రేకు పలచన, పైగా పాత బండి. గుద్దుకున్నప్పుడు వాషర్ రేకును చీల్చుకుని పైకి వచ్చేస్తుంది. రేసింగ్ బండ్లకు ఎఫ్ఐఏ (ప్రపంచ మోటార్ రేసింగ్ సంస్థ) పెట్టిన కొలత చూస్తే అర్థమవుతుంది: సీటుకు కనీసం నాలుగు చోట్ల 8 మిల్లీమీటర్ల బోల్టులు, ప్రతి చోటా అడుగున కనీసం 3 మిల్లీమీటర్ల మందం ఉక్కు పలక, పట్టే విస్తీర్ణం 40 చదరపు సెంటీమీటర్లు. అంటే దాదాపు అరచేతిలో సగం ఉన్న పలక. రోడ్డు బండికి ఆ రూలు వర్తించదు గానీ, వాషర్ ఎక్కడ, ఇది ఎక్కడ అని ఆలోచించడానికి పనికొస్తుంది. మీ ఫ్లోరులో ఒక్క చోట తుప్పు పొలుసు లేచినా ముందు అది కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించండి, సీటు సంగతి ఆ తర్వాత.

సీటు బెల్టు గురించి ఎవరూ ఎత్తలేదేంటి? మీ బండిలో బెల్టు కొసలు బాడీకే బిగించి ఉంటాయి, సీటు ఊడినా బెల్టు మనిషిని పట్టుకుంటుంది. కొత్త సీట్లు చాలావాటిలో బకిల్ సీటు ఫ్రేముకే ఉంటుంది. దాన్నే వాడుకున్నారంటే గుద్దుకున్నప్పుడు మీ బరువు లాగుడు సీటు బోల్టుల మీద, ఇంట్లో చేసుకున్న ఆ పట్టీల మీద పడుతుంది. ఆ బకిల్ తీసి పక్కన పడేయండి, పాత చోటే వాడండి. బెల్టు నడుం పట్టీ తుంటి ఎముక మీదుగా పోవాలి. కొత్త సీటుకి పక్కన ఎత్తైన దిండ్లుంటాయి కదా, వాటి మీదెక్కి పొట్ట మీదకి జారుతోందేమో కూర్చుని చూసుకోండి.

ఇంకోటి, మీరు తెచ్చిన మొదటి తరం సీట్లలో ఎయిర్‌బ్యాగ్ లేదు, కింద వైర్లు కనిపిస్తే అవి హెడ్‌రెస్ట్ స్పీకర్లవి అయ్యుంటాయి, కంగారు పడకండి. ఇది చదివి ఇంకెవరైనా మరీ కొత్త బండి సీట్లు తెద్దామనుకుంటే, కింద పసుపు కనెక్టర్ ఉందంటే పక్క ఎయిర్‌బ్యాగో ఇంకేదో పేలే సరుకు ఉన్నట్టే. దాని మీద మల్టీమీటర్ పెట్టి చూసే సరదా మానుకోండి. బీమా కంపెనీకి కూడా మార్పు గురించి ఒక ముక్క రాసి పడేయండి.

సగంరిపేరు:
ఆదివారం అయింది. డ్రిల్లు బయటికి రాలేదు.

పాత సీటు బోర్లా తిప్పా. చెక్కసుత్తి గారూ, మీకు దండం. వెనక వైపు మూడు కొక్కేలు గాల్లో వేలాడుతున్నాయి, రబ్బరు చేత్తో పట్టుకుంటే పెంకులా విరిగింది. మూడేళ్లుగా దాని మీద కూర్చుని బండిని తిట్టాను.

చెక్కముక్కల పరీక్ష కూడా చేశా. ఎంఎక్స్-5 సీటు వీపుకి స్వర్గంలా ఉంది, అబద్ధం చెప్పను. కానీ పావుగంటకి కూడా అద్దం ఫ్రేము కళ్ల ముందు నుంచి కదల్లేదు. చెక్కముక్కలు తీసేస్తే బొటనవేలు మందం కిందకి వచ్చింది, ఫోమ్ ఇంకో అంగుళం కోస్తే సరిపోతుందనిపిస్తోంది. మా ఆవిడ నాకంటే పొట్టి, ఆవిడకి కోయకుండానే అన్నీ సరిగ్గా సరిపోయాయి, కాబట్టి ఇంట్లో ఓటింగ్ ఒకటి-ఒకటి.

ప్రస్తుతానికి పాతదానికి కొత్త రబ్బరు ఆర్డర్ పెట్టా. అది వచ్చేలోపు మజ్దా కుషన్ ఒకటి విప్పి కోసి చూస్తా, పాడైతే పోయేది ఫోమే. పట్టీల సంగతి ఆ తర్వాత, రంధ్రాలు మాత్రం వేయను. ఆ ఉక్కు రింగులు తీయడానికి ప్రత్యేకంగా ప్లయర్స్ కొనాలా?

నట్టుబోల్టు:
తీయడానికి సైడ్ కట్టర్ చాలు. మళ్లీ వేసేటప్పుడే ఆ ప్లయర్స్ కావాలి, మామూలు వాటితో కుస్తీ పడితే వేళ్లు పోతాయి. కత్తి మాత్రం కొత్తది కొనుక్కోండి.