అప్‌డేట్: తిండి మానేసిన మా రాజుగాడు – అది బెంగ కాదు

అమ్మాయి హాస్టల్‌కి వెళ్లిన వారం నుంచి మా కుక్క రాజుగాడు అన్నం ముట్టట్లేదు, బెంగేమో అని పోయిన నెల అడిగాను కదా. రక్తపరీక్ష చేయించమన్నవాళ్లకి దండాలు. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. పిడుదుల వల్ల వచ్చే జ్వరం, ఎర్లీకియా అన్నారు డాక్టరుగారు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు, అదీ ఏదైనా తినిపించాకే (ఖాళీ కడుపున వేసి ఒకసారి కక్కించాను లెండి). మూడో రోజుకే గిన్నె నాకేశాడు, అయినా కోర్సు మధ్యలో ఆపలేదు.

తిండి మార్చడం, అమ్మాయి చున్నీ పక్కలో వేయడం, వీడియో కాల్స్... బెంగ అనుకుని చేసిన వీటిలో వేటికీ జబ్బుతో సంబంధం లేదు. బెంగ పెట్టుకున్నది నేను. దాన్ని వాడికి అంటగట్టి పది రోజులు పోగొట్టాను. మీవాళ్లు ఇలా డీలాపడితే ముందు చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో వెతకండి. మావాడికి పిడుదులు అక్కడే దొరికాయి.