ఇంట్లో పిల్లల్ని చూసుకుంటున్నా, లేటుగా వచ్చేవాళ్ళని డబ్బులు ఎలా అడగాలి?

తోటపాలెం వదిన:
అందరికీ నమస్తే అండి, మాది విజయనగరం. ఇంటి దగ్గరే నలుగురు పిల్లల్ని చూస్తున్నా, ఒకడు మావాడే, మిగతా ముగ్గురి అమ్మలు ఉద్యోగాలకి వెళ్తారు, ఇద్దరు టీచర్లు ఒకావిడ ఆఫీసు. బోర్డూ గీర్డూ ఏం లేదు, ఒకళ్ళని చూసి ఒకళ్ళు తెచ్చి దింపారంతే. పిల్లలతో పేచీ లేదండి, పెద్దాళ్ళతోనే వస్తోంది. 5:30కి తీసుకెళ్తామన్నారు కదా, ఆఫీసావిడ 6:30 దాకా రాదు, ఒక్కోరోజు 7 కూడా, దార్లో కూరగాయలు కొనుక్కుని సంచీలోంచి ములక్కాడలు బయటకి కనిపిస్తూ నవ్వుకుంటూ దిగుద్ది, నేనేమో ఈలోగా దీపం పెట్టాలి వంట చూడాలి. అడిగితే "ఏటమ్మా, ఇంట్లోనే కదా ఉంటావు" అంటది. ఇంకోటి, జ్వరం ఉన్నా పొద్దున్నే సిరప్ పట్టించేసి దింపేస్తున్నారు, 11 అయ్యేసరికి ఒళ్ళు కాలిపోద్ది, ఫోన్ చేస్తే బ్యాగులో సీసా ఉంది వేసెయ్యండి అంటారు, వెయ్యొచ్చా? మా ఊరి పైడితల్లమ్మ పండగకి తోలేళ్ళు, సిరిమాను రెండ్రోజులు నేను సెలవంటే డబ్బులు కట్ చేస్తారట, టీచర్లు ఎండాకాలం పిల్లల్ని పంపకపోతే మాత్రం ఆ నెల ఏమీ ఇవ్వరట, ఇదెక్కడి లెక్క? వచ్చే నెల నుంచి ఇంకో ఆర్నెల్ల పాప వస్తోంది, వాళ్ళ మామ్మ రోజూ కాస్త తేనె నాకించమంటోంది, దాని సంగతి కూడా చెప్పండి.

బలగ పిన్ని:
నేను శ్రీకాకుళంలో ఇదే పని చాలా ఏళ్ళుగా చేస్తున్నా అమ్మా. మొహమాటం పడితే నీ వంటే లేటవుద్ది, వాళ్ళకి పోయేదేం లేదు. గుమ్మంలో నించుని అడక్కు, ఆ టైంకి ఇద్దరూ అలసిపోయుంటారు, మాట మాటా పెరుగుద్ది. ఒకటో తారీకు ఫీజు టైంలో అందరికీ ఒకటే మెసేజ్ వాట్సాప్‌లో పెట్టెయ్, ఫలానా టైం దాటితే పావుగంట వరకు ఊరికే, ఆ తర్వాత అరగంటకి 50 అని. తన ఒక్కదానికే పెట్టావని ఎవరూ అనుకోరు. ఫీజు కూడా ముందు నెలదే తీసుకో, నెలాఖరు అంటే ఎప్పటికీ నెలాఖరే.

ఎండాకాలం సంగతి, నా దగ్గర సీటు ఉంచాలంటే సగం ఇవ్వాలి, లేదంటే జూన్‌లో ఖాళీ ఉంటేనే. పండగ సెలవులు ఏడాది మొదట్లోనే చెప్పేస్తా, వాటికి కటింగ్ లేదు. మీ ఊళ్ళో సిరిమాను మంగళవారం ఏ ఆఫీసులో పని జరుగుద్దిలే, కోట దగ్గర కాలు పెట్టడానికే సందుండదు.

నువ్వు అడగలేదు గానీ, ఎవరు తీసుకెళ్తారో పేర్లు రాయించి పెట్టుకో. నా దగ్గరికోసారి ఒకాయన బాబాయినంటూ వచ్చాడు, పిల్ల కూడా బాబాయ్ అని ఎగిరింది, అయినా వాళ్ళమ్మకి వీడియో కాల్ చేసి చూపించాకే పంపా. ఆయన చెప్పులు విప్పకుండా మొహం మాడ్చుకుని అలాగే నించున్నాడు. మాడ్చుకోనీ.

క్యాష్ కౌంటర్:
నేను అవతలివైపు మనిషిని, మా బాబుని ఒకావిడ దగ్గర దింపి బ్యాంకుకి వెళ్తా. సాయంత్రం లెక్క టాలీ అవ్వకపోతే కదలనివ్వరండి, కావాలని కాదు. రేటు చెప్పేస్తే మాకూ హాయి, ఇచ్చేసి నిశ్చింతగా ఉంటాం, రోజూ సారీ అక్కా అంటూ రావడం మాకు మాత్రం బావుంటుందా. కూరగాయల సంగతి మాత్రం అన్యాయమే 😀 పిన్ని గారూ, ఎండాకాలం సగం అంటే ఎక్కువండి, పావు అంటే ఎవరైనా ఇస్తారు. ఏం తిన్నాడు, ఎంతసేపు పడుకున్నాడు అని మధ్యాహ్నం ఒక్క మెసేజ్ పెట్టండి, దానికోసమే ఎదురు చూస్తుంటాం.

పీహెచ్‌సీ నర్సు:
సిరప్ గురించి కొంచెం జాగ్రత్తగా చదవండి. పారాసెటమాల్ అన్ని సీసాలూ ఒకటి కాదు. 5 ఎంఎల్‌కి 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది ఇంకోటి, చిన్నపిల్లల డ్రాప్స్‌లో అయితే 1 ఎంఎల్‌కే 100 ఉంటుంది. మోతాదు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి, కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్క. 7 కిలోల పాపకి డ్రాప్స్ సుమారు 1 ఎంఎల్, అదే 250 సిరప్ 2 ఎంఎల్. డ్రాప్స్ సీసాని సిరప్ అనుకుని 5 ఎంఎల్ పోసేస్తే ఏమవుద్దో చూడండి. పైగా పొద్దున్న వాళ్ళెప్పుడు వేశారో మీకు తెలీదు, డోసుకీ డోసుకీ కనీసం 4 గంటలు ఉండాలి, రోజుకి 4 సార్లు మించకూడదు. అందుకని సీసా పేరు, ఎన్ని ఎంఎల్, ఆఖరిసారి ఎన్నింటికి వేశారు, ఈ మూడూ తల్లి రాసిస్తేనే ముట్టుకోండి. అసలు మందు వెయ్యకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే తెమ్మనండి. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి చెయ్యండి, చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం వద్దు.

తేనె ఏడాది నిండేవరకు చుక్క కూడా వద్దు, అందులో ఉండే బ్యాక్టీరియా వల్ల చంటిపిల్లలకి బొటులిజం అనే జబ్బు రావచ్చు, కాచినా పోదు. మామ్మగారికి డాక్టర్ వద్దన్నారని చెప్పండి, మీ మాట కంటే అది వింటారు. ఆర్నెల్లకి చోడి (రాగి) జావ, మెత్తగా పిసికిన పప్పన్నం మొదలెట్టొచ్చు, తల్లి పాలు పిండి ఇస్తే రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి, పట్టే ముందు వేడినీళ్ళ గిన్నెలో ఉంచితే చాలు, పొయ్యి మీద మరిగించొద్దు. వేరుశనగ గింజలు పెద్దపిల్లల చేతిలోంచి పాప దగ్గరికి రాకుండా చూసుకోండి. బాత్రూంలో బకెట్లు బోర్లించి ఉంచండి, కాసిన్ని నీళ్ళున్నా ప్రమాదమే.

తోటపాలెం వదిన:
చాలా థ్యాంక్స్ అండి. మెసేజ్ పెట్టేశా, టీచర్లిద్దరూ వెంటనే సరే అన్నారు, ఎండాకాలానికి పావు దగ్గర బేరం కుదిరింది, సారీ పిన్నిగారూ. ఆఫీసావిడ చూసింది, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఇవాళ 6:50కి వచ్చింది, ఏం అనలేదు, నేనూ ఏం అనలేదు. ఇప్పుడేటి చెయ్యాలి?

బలగ పిన్ని:
తారీకు, టైం కేలెండర్ మీద రాసుకో, ఆవిడ చూస్తుండగా రాయి. ఒకటో తారీకున ఫీజుతో కలిపి చెప్పు.