ఉజ్జీవ సభలలో రగిలిన ఆసక్తి నిలుస్తుందా? సభలు మానివేయాలా?

పటమట సభ్యుడు (విజయవాడ):
ప్రభువు నామమున అందరికీ వందనములు. మా సంఘంలో ఏటా సంక్రాంతి వెళ్ళాక మూడు రాత్రులు ఉజ్జీవ సభలు (విశ్వాసాన్ని తిరిగి రగిలించే కూటాలు) జరుపుతాము. ఈ ఏడాది ఆఖరి రాత్రి 62 మంది కన్నీళ్ళతో ముందుకు వచ్చి, ప్రభువును వెంబడిస్తామని తీర్మానపు చీటీలు నింపారు. ఆరు వారాలు గడిచేసరికి వారిలో శుక్రవారం ప్రార్థనకు వస్తున్నవారు నలుగురు. ఇది ఆత్మీయ ఆసక్తి కాదు, షామియానా కింద పుట్టి షామియానాతోనే లేచిపోయే ఆవేశమని, వచ్చే ఏడు సభలు మాని ఆ సొమ్ముతో ఇళ్ళకు తిరిగి వాక్యం చెప్పే ఒక బైబిలు స్త్రీని నియమిద్దామని పెద్దలలో ఒకరు ప్రతిపాదించారు. మీ అభిప్రాయం కోరుతున్నాను.

కొత్తపేట మాస్టారు (గుంటూరు):
ప్రతిపాదనతో ఏకీభవిస్తాను, అయితే ఆయన చెప్పిన కారణంతో కాదు. యేసు చెప్పిన విత్తువాని ఉపమానంలో రాతినేల మీది విత్తనానికి వచ్చిన లోపం త్వరగా, సంతోషంగా మొలవడం కాదు, వేరు లేకపోవడం. బైబిలులోని లేవీయకాండము తొమ్మిదో అధ్యాయంలో బలిపీఠం మీదికి అగ్ని యెహోవా సన్నిధి నుండే వచ్చింది. కానీ ఆ అగ్ని ఆరిపోకుండా ప్రతి ఉదయం కట్టెలు వేయవలసినవాడు యాజకుడని అంతకు ముందే, ఆరో అధ్యాయంలోనే రాసి ఉంది. మనం అగ్ని కోసం మూడు రాత్రులు మైకులో మొరపెడతాము, కట్టెల పని మాత్రం ఎవరికీ అప్పగించము.

ఉదాహరణ కోసం మా ఊరు దాటనక్కరలేదు. 1883లో అమెరికా నుండి గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్‌ను పంపినవారు మొదట నియమించింది వైద్యానికి కాదు, బోధనకు. ఆవేశమొక్కటే తెచ్చి ఉంటే ఆమె మరుసటి ఓడకే తిరిగి వెళ్ళిపోయేవారు. అప్పగించిన పని చేస్తూనే రోగులనూ చూశారు; ఆసుపత్రి తెరుచుకునేసరికి 1898 వచ్చింది; 1930లో గుంటూరులోనే కన్నుమూశారు.

మా అమ్మ ఏ సభలోనూ ఏడ్చిన మనిషి కాదు. పొయ్యి పక్కన ఒక పాత డాల్డా డబ్బా ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి అందులో వేసి, ఆదివారం గుడికి పట్టుకెళ్ళేది. రేషను బియ్యమైతే ముందు ఆ గుప్పెడును చేటలో పోసి రాళ్ళు ఏరేది, మాకు వండేది ఆ తరువాత. (తొందరలో మిగిలిపోయిన రాయి ఎప్పుడూ మా పంటి కిందికే వచ్చేది.) వేరు అంటే ఇలాంటి పని ఒకటి చేతిలో ఉండడమేనని నేను అనుకుంటాను.

గుణదల సహోదరి (విజయవాడ):
మాస్టారు గారూ, ప్రకటన గ్రంథంలో ప్రభువు ఉత్తరం రాయించిన ఎఫెసు సంఘానికి క్రియలు, కష్టము, సహనము అన్నీ ఉన్నాయి. అయినా మొదటి ప్రేమను వదిలిందని ప్రభువు దాని మీద తప్పు మోపాడు. కట్టెలు వరుసగా పేర్చి ఉండి నిప్పు లేని సంఘాలు మన రెండు ఊళ్ళలో లేవా? నేను నర్సును. రాత్రి డ్యూటీల వల్ల ఏళ్ళ తరబడి గుడి ముఖం చూడని నేను, డ్యూటీకి వెళ్తూ ఇలాంటి సభ పక్కన ఆగి రక్షణలోకి వచ్చాను. బైబిలు స్త్రీ పగలు వచ్చి తలుపు తట్టి ఉంటే నేను నిద్రలో ఉండేదాన్ని.

1842లో మీ గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ సంగతి మీరే మరిచారు. రాజమండ్రి మిషనును వేరొకరికి అప్పగించబోతున్నారని తెలిసి, డెబ్బై అయిదేళ్ళు దాటిన ఆ పెద్దాయన అమెరికాలోని పెన్సిల్వేనియాలో లూథరన్ల సభలో లేచి, నేను వెళ్తానని చెప్పి 1869లో మళ్ళీ ఇక్కడికి వచ్చారు. అది కూడా సభలో పుట్టిన తీర్మానమే కదా!

కొత్తపేట మాస్టారు (గుంటూరు):
ఎఫెసు మాట నాకు తగిలిందమ్మా, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ వెంటనే ప్రభువు చెప్పిన మందు, మొదటి అనుభూతిని తిరిగి తెచ్చుకోమని కాదు, మొదటి క్రియలను చేయమని. హయ్యర్ గారు లేచింది సభలోనే; కానీ తాను వెళ్ళవలసిన ఊరేదో, అక్కడ చేయవలసిన పని ఏమిటో ఆయనకు అంతకు ముందే తెలుసు. మన 62 మందికి ఆ రాత్రి ఆ మాట ఎవరు చెప్పారు? సభలు మానాలన్న అభిప్రాయాన్ని మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. పగలు నిద్రపోయేవారి తలుపు సంగతి నాకు తట్టలేదు.

పటమట సభ్యుడు (విజయవాడ):
నిన్న ఆరాధన అయ్యాక బీరువాలోంచి ఆ చీటీల కట్ట తీశాను. ఆ రాత్రి లెక్కపెట్టి వేసిన రబ్బరు బ్యాండు వేసినట్టే ఉంది. చీటీలో పేరుకు, వయసుకు, సంతకానికి గడులు అచ్చువేయించాము గానీ ఫోను నంబరుకు వేయించలేదు, వీధి పేరుకూ వేయించలేదు. అడగకపోయినా 24 మంది వెనుక వైపున తమ నంబరు రాసి ఇచ్చారు. ఆ నంబర్లను స్త్రీల సమాజం కార్యదర్శి గారూ నేనూ చెరి పన్నెండు పంచుకున్నాము. పగలు ఎత్తనివారికి రాత్రి మళ్ళీ చేద్దామని అనుకున్నాము. సభల ఖర్చు సంగతి పెద్దల ముందుకు ఇంకా రాలేదు.